సంగటి ముట్టుకోకుండా ముక్కలే తింటాందంట!

"అక్కా, మాది కడప. నాకు 34 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. 114 కేజీలు ఉండేదాన్ని. ఏడు నెలల కింద చెన్నైలో బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నా, ఇప్పుడు 83. మోకాళ్ళ నొప్పులు పోయాయి, మెట్లెక్కితే ఆయాసం లేదు. బాధంతా భోజనం దగ్గరే. నేను కూర్చుంటే చాలు అందరి కళ్ళూ నా కంచంలోనే. మా అత్త 'ఇంతేనా' అంటుంది. సంగటి ముట్టుకోకుండా ముక్కలే తింటాందని పక్కింటివాళ్ళకు చెప్పింది. తోడికోడలేమో 'కడుపు కోయించుకోని కూడా ఓళిగ తింటాండావే' అంటుంది. పోయిన ఆదివారం అత్త పోరు పడలేక ఇంకో ముద్ద సంగటి మింగి, పెరట్లోకి పోయి కక్కుకున్నా. బయటవాళ్ళకు పిత్తాశయంలో రాళ్ళు తీశారని చెప్పాం. స్టాఫ్ రూంలో బాక్సు తెరవాలంటే టెన్షన్. మా ఆయన మంచివాడే గానీ అక్కడ నోరు మెదపడు. తొమ్మిదేళ్ళ నా కూతురు ఈ మధ్య 'నాకూ అమ్మంతే చాలు' అని అన్నం వదిలేస్తోంది. రెండు నెలల్లో ప్రొద్దుటూరులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి, చుట్టాలంతా వస్తారు. నిజం చెప్పేయాలా? ఏం చెయ్యాలి?"

చెల్లీ, పెళ్ళి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఆదివారం వాంతి సంగతి తేలాలి.

ముద్ద మింగాను అని రాశావు చూడు, నేను ఆ మాట దగ్గరే ఆగిపోయా. సంగటిని మనం నమలం. ముద్ద తుంచి, పులుసులో అద్ది, నేరుగా గొంతులోకి జార్చడం చిన్నప్పుడే నేర్పిస్తారు, నమిలితే పెద్దవాళ్ళు నవ్వుతారు కూడా. నీకేమో ఇప్పుడు పొట్ట స్థానంలో మిగిలింది అరటికాయలాంటి సన్న గొట్టం. స్లీవ్‌లో పొట్టను ముప్పాతిక భాగం పైనే కోసి తీసేస్తారు. ఆ గొట్టంలోకి నమలని ముద్ద జారితే రొమ్ము మధ్యలో పట్టేసినట్టు నొప్పి, నోటినిండా నురగలాంటి ఉమ్ము, ఆ వెంటనే వాంతి, నీకూ ఇదే వరసలో అయ్యుంటుంది. ఆపరేషన్ చెడిపోయిందేమోనని భయపడి ఉంటావు, ఒక్కసారి అయినదానికి అంత భయం వద్దు. సంగటి తినాలనిపిస్తే ఉసిరికాయంత తీసుకుని, కాస్త పలచగా చేయించుకుని, నోట్లోనే కరిగేదాకా ఉంచు. ఎవరు నవ్వినా సరే. కానీ వాంతులు రోజూ అవుతున్నా, నీళ్ళు కూడా నిలవకపోయినా నాకు ఉత్తరం రాస్తూ కూర్చోవద్దు, అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చెయ్యి. వరసగా వాంతులైతే బి1 విటమిన్ పడిపోయి నరాల మీదికి వస్తుంది.

నేను డాక్టర్ని కాదు. నాది అనంతపురం, ఆరేళ్ళ కింద నేనూ బరువు తగ్గే ఆపరేషనే చేయించుకున్నా. నాకు షుగర్ ఉండేది, అందుకని స్లీవ్ కాకుండా బైపాస్ చేశారు, గుండెకు కాదు, పొట్టకు చేసేది, పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి నేరుగా పేగుకు కలుపుతారు. అందులో మిగిలే పొట్ట కోడిగుడ్డంత, కొత్తలో రెండు స్పూన్ల ఇడ్లీకే నిండిపోయేది. కాబట్టి నీ కంచం చుట్టూ తిరిగే కళ్ళు నాకు బాగా తెలుసు.

ఉత్తరమంతా వాళ్ళు ఏమంటున్నారో రాశావు. వాళ్ళ మాటల వల్ల నువ్వేం చేస్తున్నావో మాత్రం ఆ ఒక్క వాంతి దగ్గరే బయటపడింది, నాకు భయం అక్కడ. నా కథ చెప్తా విను. మొదట్లో నేనూ జనం ముందు రెండు ముద్దలు ఎక్కువ తిని కక్కుకున్నా. తర్వాత జనం ముందు తినడమే మానేశా, ఎవరడిగినా 'ఇప్పుడే తిన్నా' అనేదాన్ని. ఆ తర్వాత రాత్రి పదకొండుకు వంటింట్లో లైటు వేయకుండా డబ్బా మూత చప్పుడు రాకుండా తీసి మిక్చరు, చెక్కిలాలు, బిస్కెట్లు. ఇట్లాంటివి ఎంత చిన్న పొట్టలోనైనా సులువుగా జారిపోతాయి, కోడికూరలాగా కడుపులో నిలబడవు, అందుకే గంటసేపు తింటున్నా నిండినట్టుండదు. మూడో ఏడు ఆరు కేజీలు తిరిగి వచ్చాయి. రెండేళ్ళు దాటాక కొంత పెరగడం చాలామందికి మామూలే అని డాక్టరు అన్నాడు గానీ, నా ఆరు కేజీలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు, ఒక్క గ్రాము కూడా ఎవరి ముందూ తిన్నది కాదు.

అందుకని నీకు నేను చెప్పేది ఇదే. అత్త ఎదురుగా ఎంత తింటావో అత్త లేనప్పుడూ అంతే తిను, ఎక్కువ వద్దు తక్కువ వద్దు. వాళ్ళ నోళ్ళు మూయించడం రెండో పని. ఇప్పటికే చాటుగా తినడం మొదలైపోయి ఉంటే, లేదా తినాలంటేనే భయం పట్టుకుని పూటలు ఎగ్గొడుతుంటే, దాన్ని సిగ్గుపడే విషయంగా దాచకుండా నీ డైటీషియన్‌కు చెప్పు. వాళ్ళకు ఇది కొత్త కాదు.

ఇక మీ అత్త. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరంలో నాకు ఎక్కువ జాలేసింది ఆమె మీదే, నువ్వేమీ అనుకోవద్దు. మనవైపు సంగటి అంటే తిండి, కూర అంటే నంజుకునేది. కోడలు సంగటి పక్కకు నెట్టి, కోడి ముక్కలు ఏరుకుని తిని, మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోతే, చూసేవాళ్ళకు అందులో ఆపరేషన్ కనపడదు, పొగరు కనపడుతుంది. నీ పొట్ట లెక్కేమో పూర్తిగా తలకిందులు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ పడాలి, ఒక గుడ్డు తింటే వచ్చేది ఆరు గ్రాములు, పూటకు నీకు పట్టేదేమో చిన్న గిన్నెడు. ఆ గిన్నెలోకి ముందు సంగటో అన్నమో పోతే గుడ్డుకూ కోడికీ పప్పుకూ చోటేది? మజ్జిగ కూడా అంతే, తింటూ తాగితే ఇబ్బంది కాబట్టి తిన్న తర్వాత అరగంట ఆగమంటారు. మూడు నాలుగు నెలలప్పుడు జుట్టు ఊడి ఉంటుంది, అది చాలామందికి ఊడి మళ్ళీ వస్తుంది, కానీ దానికి కూడా 'తిండి సరిగా తినక' అని ఆమె అనే ఉంటుంది. ప్రోటీన్ తక్కువైతే జుట్టుకు మంచిది కాదు కాబట్టి ఆమె మాటలో కొంచెం నిజం కూడా ఉంది, అన్నం తినక మాత్రం కాదు.

ఇవన్నీ ఆమెకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? డాక్టరు నీకూ మీ ఆయనకూ చెప్పాడు. ఆమెకు చేరింది 'కడుపు చిన్నది చేశారు' అన్న ఒక్క ముక్క. నీకు ఆకలి లేదంటే ఆమె నమ్మకపోవడం ఆమె తప్పు కాదు, ఏడు నెలలుగా ఒక మనిషికి ఆకలి కాదంటే ఎవరు నమ్ముతారు. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది పొట్ట పైభాగంలో, నీకు తీసేసిందే ఆ భాగం, ఈ సంగతి ఆమెకేం తెలుసు? వచ్చే చెకప్‌కు ఆమెను వెంట తీసుకుపో. అంత దూరం రాలేనంటే డైటీషియన్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, తెలుగులో మాట్లాడేవాళ్ళను అడిగి ఆమెతో మాట్లాడించు. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టుంటుంది, డాక్టరమ్మ చెబితే పథ్యం అవుతుంది.

అసలు ఆ మాటే వాడు. డైట్ అనకు, ప్రోటీన్ అనకు, 'అత్తా, నాది పథ్యం' అను. డైట్ అంటే అందం కోసం కడుపు మాడ్చుకోవడం అని మన ఇళ్ళలో ఒక అభిప్రాయం ఉండిపోయింది, పథ్యం అంటే మాత్రం ఎవరూ ఎదురు చెప్పరు. ఎంతమంది బాలింతలకు పథ్యం పెట్టిన చెయ్యో ఆమెది! అట్లాంటి చెయ్యి ఊరికే కూర్చోమంటే కూర్చోదు, ఇంకో ముద్ద వెయ్యాలనే చూస్తుంది, కాబట్టి దానికి పని చెప్పు. 'అత్తా, యాటకూర నాకు గట్టిగా ఉంటే దిగడం లేదు, కోడి మెత్తగా ఉడికించి పులుసు ఎక్కువ పెట్టు', 'పెసరపప్పు చిక్కగా చేసి పెట్టు', 'ఉలవలు ఉడికించి మెదిపి పెట్టు'. మా అత్త అయితే నాలుగో నెలకల్లా నా గిన్నె ఎవరైనా ముట్టుకుంటే తిట్టేది. మీ అత్త మారుతుందని నేను హామీ ఇవ్వలేను, కొందరు మారరు, అయినా పెట్టడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటే పోరు తగ్గుతుంది.

మీ ఆయన గురించి. 'మంచివాడే గానీ' అని మొదలయ్యే వాక్యాలు ఈ శీర్షికకు వారానికి నాలుగైనా వస్తాయి. ఆయనకు ఒకే ఒక్క పని ఇవ్వు, ఎక్కువ ఇస్తే ఒక్కటీ చెయ్యడు. భోజనానికి నీ పక్కన కూర్చోవాలి, వాళ్ళమ్మ గరిటె నీ కంచం మీదికి రాగానే నువ్వు నోరు తెరిచేలోపు ఆయనే 'చాల్లేమ్మా, డాక్టరు వద్దన్నాడు' అనాలి. అంతే. ముందు రోజు రాత్రే చెప్పి ఒప్పించుకో, కంచం ముందు కళ్ళతో సైగలు చేస్తే మగవాళ్ళకు అర్థం కాదు. నీకు ఎక్కువైంది ఆయన కంచంలోకి పోవడం కూడా అలవాటు చెయ్యి. మా ఆయన మొదట్లో నలుగురిలో మొహమాటపడ్డాడు, ఇప్పుడు చెయ్యి చాపుకుని ఉంటాడు.

తోడికోడలి ఓళిగ సంగతి. ఎంత తిన్నావో రాయలేదు, పావు ముక్క అనుకుంటున్నా. నాలాంటి బైపాస్ వాళ్ళకు తియ్యటిది ఎక్కువైతే పావుగంట, అరగంటలోపే గుండె దడ, చెమటలు, కడుపులో మెలితిప్పడం, విరేచనం, దీన్ని డంపింగ్ అంటారు. ఒక ఉగాదికి నేను ఓళిగ మీద నెయ్యి కూడా వేయించుకుని తిని, దేవుని కడప గుడికి పొయ్యే దారిలో ఆటో ఆపించుకుని, ఎవరో తెలియని వాళ్ళ ఇంటి తలుపు కొట్టాల్సి వచ్చింది, ఆ తల్లి చల్లగా ఉండాలి. స్లీవ్ వాళ్ళకు ఇది తక్కువ, కానీ కొందరికి వస్తుంది. ఎంత తియ్యదనం సరిపోతుందో నీ ఒళ్ళూ నీ డాక్టరూ తేలుస్తారు, అందులో ఆమెకు ఓటు లేదు. ఆమె అన్నప్పుడు సంజాయిషీ ఇవ్వకు. 'ఆ అక్కా, పావు ముక్క తింటాండా, బాగుంది, నువ్వే చేసినావా?' అని అడిగి తినడం కొనసాగించు. నువ్వు లెక్కలు చెప్పడం మొదలుపెడితే రేపటి నుంచి ఆమె లెక్కలు అడుగుతుంది.

ఎక్కువగా గుచ్చి చూసేవాళ్ళలో కొందరికి వాళ్ళ బాధ వాళ్ళకుంటుంది. 'అందరం తిండి మానుకుని తగ్గాం, నువ్వు కోయించుకోని తగ్గినావు' అని నన్ను నలుగురిలో అన్న మా పిన్నమ్మే, ఏడాది తర్వాత ఒక రాత్రి ఫోన్ చేసి గొంతు తగ్గించి, ఎంత ఖర్చయింది, నొప్పి ఎన్ని రోజులుంటుంది అని అడిగింది. నాకు కోపం రావాలి, రాలేదు, ఆమె మోకాళ్ళు నేను చూశా కదా. మీ తోడికోడలూ అట్లే అని అనడం లేదు, కొందరు ఉత్తినే నోటిదురద మనుషులు. సులువు దారి అని ఎవరన్నా అంటే మాత్రం, జీవితాంతం మాత్రలు మింగాలి, ఏడాదికోసారి రక్తపరీక్షలు చేయించుకోవాలి, పండగపూట గిన్నెడు తిని లేవాలి, ఇందులో సులువేముంది అని ఒక్కసారి చెప్పి ఊరుకో. రెండోసారి చెప్పకు. అన్నట్టు ఆ మాత్రలు, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి, ఎవరో చూస్తున్నారని చుట్టాలున్న రోజుల్లో ఎగ్గొట్టడం లేదు కదా? నేను ఎగ్గొట్టా, రక్తం తగ్గి ఏడు నెలలు తంటాలు పడ్డా.

నిజం చెప్పాలా అన్నావు. అందరికీ చెప్పాల్సిన బాకీ నీకు లేదు. కానీ ఆ రాళ్ళ అబద్ధం నీకు పనికి రావడం లేదు చూడు. పిత్తాశయం తీసిన మనిషి కొన్ని వారాలకే మామూలుగా తింటుందని ఊళ్ళో అందరికీ తెలుసు, ఏడు నెలలకూ గిన్నెడే తింటుంటే 'రాళ్ళకైతే ఇంకా తినలేవా' అని అడుగుతారు, నువ్వు దానికి ఇంకో అబద్ధం వెతకాలి. పైగా వేగంగా బరువు తగ్గినవాళ్ళకు నిజంగానే పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి, తిన్న తర్వాత కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే చూపించుకో, అప్పుడు జనానికి ఏం చెప్పాలో నాకు కూడా తోచదు. 'కడుపుకు ఆపరేషన్ అయింది, పథ్యంలో ఉండా' అను. అందులో అబద్ధం లేదు. ఏ ఆపరేషన్ అని గుచ్చితే 'ఇప్పుడు బాగుండాలే, మీ అబ్బాయి ఎట్లుండాడు?' అను, కడపలో ఎవరినైనా వాళ్ళ అబ్బాయి గురించి అడిగితే నీ కడుపు సంగతి మర్చిపోతారు. స్కూల్లో మాత్రం ఒక్కరికి, నోరు జారని మనిషిని చూసుకుని, పూర్తిగా చెప్పు. రేపు నువ్వు కళ్ళు తిరిగి పడితే, ఏ ఆపరేషన్ అయింది, ఏ మందులు పడవు అని చెప్పడానికి ఒకరుండాలి. నొప్పి మాత్రల్లో పొట్టను పుండు చేసేవి ఉంటాయి, మనలాంటి వాళ్ళు డాక్టరును అడక్కుండా అవి వేసుకోకూడదు.

స్టాఫ్ రూంకు పెద్ద పరిష్కారం అక్కర్లేదు, చిన్న బాక్సు కొనుక్కో. పెద్ద బాక్సులో సగం మిగిలితే పది మంది అడుగుతారు, చిన్న బాక్సు ఖాళీ అయితే ఒక్కరు కూడా అడగరు. బెల్లు కొట్టగానే మొదలుపెట్టి ఇరవై నిమిషాలు మెల్లగా తిను.

నీ కూతురి దగ్గర ఆగాలి. ఉత్తరంలో ఆ వాక్యాన్ని చివర్లో పెట్టావు, నేనైతే మొదట పెట్టేదాన్ని. అమ్మ లావుగా ఉన్నప్పుడు జనం ఏమనేవాళ్ళో ఆ పిల్ల విన్నది, ఇప్పుడు అమ్మ తగ్గిందని పొగడడం వింటోంది, కొంచెం తినడం వల్లే తగ్గిందని చూస్తోంది. దానికి లెక్క కుదిరిపోయింది. ఆపరేషన్ సంగతి దానికి తెలుసో లేదో నువ్వు రాయలేదు. తెలియకపోతే చెప్పు, తొమ్మిదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. 'అమ్మకు జబ్బు చేస్తే డాక్టరు పొట్ట చిన్నది చేశారు, అందుకే నా గిన్నె చిన్నది, నీ పొట్ట పెరిగే పొట్ట, దానికి పెద్ద గిన్నె కావాలి' అను. అది ఎవరికైనా చెప్పేస్తుందేమో అని భయపడతావు, చెప్పేస్తుంది, చెప్పనీ, చుట్టాలకు తెలిసినా పెద్ద నష్టం లేదు, పిల్ల తినడం మానేస్తే ఉంది. దాని ముందు బరువు మిషన్ ఎక్కకు, ఎన్ని కేజీలు తగ్గావో ఫోన్లో చెప్పకు. ఇంట్లో ఎవరైనా దాన్ని 'నువ్వూ మీ అమ్మలాగా అవుతావు' అంటే, నీ గురించి ఏమన్నా ఊరుకున్నట్టు అక్కడ ఊరుకోవద్దు, గట్టిగానే చెప్పు, అత్త అయినా సరే. ఇట్లా చేసినా అది అన్నం వదిలేస్తూనే ఉంటే, బరువు తగ్గుతుంటే పిల్లల డాక్టరుకు చూపించు.

ఇప్పుడు ప్రొద్దుటూరు పెళ్ళి. ఇంట్లో రెండు గుడ్లు తినే బస్సెక్కు, అక్కడ ఆకలితో కూర్చోకూడదు. బఫే అయితే బాధే లేదు, చేతిలో ప్లేటు పట్టుకుని తిరుగుతుంటే ఎవరు ఎంత తిన్నారో ఎవరికీ తెలియదు. బంతి వేస్తే కష్టం, అరిటాకు మీద అన్నం కుప్ప పడిందంటే పారేయడం నీకూ మనసొప్పదు, పక్కవాళ్ళూ ఒప్పుకోరు. అందుకని మొదటి బంతికి కూర్చోవద్దు, గిన్నె పట్టుకుని వడ్డించడానికి దిగు. మేనమామ భార్యవి కదా, వడ్డించే హక్కు కూడా ఉంది నీకు. వడ్డించే మనిషిని తిన్నావా అని అడుగుతారు గానీ ఎంత తిన్నావని ఎవరూ అడగరు. చివరి బంతిలో మీ ఆయన పక్కన కూర్చుని, వడ్డించేవాళ్ళు రాకముందే ఆకు సగానికి మడిచేసుకో, రెండు ముక్కలు, ఒక గరిటె పప్పు, చాలు. 'పిట్ట తిన్నట్టు తింటాండావే' అని ఎవరో ఒకరు అంటారు, అననీ, నవ్వేసి నమలడం మీద ధ్యాస పెట్టు. తిన్న వెంటనే నీళ్ళ బాటిలు ఎత్తకు.

ఇంకొకటి, పెళ్ళికి జాకెట్లు ఇప్పుడే కుట్టించకు. ఏడో నెల అంటే ఇంకా తగ్గుతూనే ఉంటావు, అప్పటికి వదులైపోతాయి. వారం ముందు కొలతలిచ్చి, లోపల గుడ్డ ఎక్కువ వదలమని టైలరుకు చెప్పు.